మెడికేడ్ పద్దు, అమ్మానాన్నల ఇల్లు

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో చాలామందికి పెద్దవారికి మెడికేడ్ అనే ప్రభుత్వ వైద్య సాయం ఎలా తెప్పించుకోవాలో తెలుసు. ఏ కాగితాలు కావాలి, ఏ కౌంటీ ఆఫీసుకు వెళ్లాలి, పౌరసత్వం వచ్చాక ఏమి మారుతుంది అన్నవి గుడిలోనో, పుట్టినరోజు విందులోనో ఒకరి నుంచి ఒకరికి చేరిపోతాయి. కానీ యాభై ఐదేళ్లు నిండిన తరువాత మెడికేడ్ చెల్లించిన ఖర్చులో కొంత భాగాన్ని, కొన్ని రాష్ట్రాలలో మొత్తాన్నీ, ఆ వ్యక్తి మరణించాక ఆయన లేదా ఆమె వదిలి వెళ్లిన ఆస్తి నుంచి ప్రభుత్వం తిరిగి అడుగుతుందన్న సంగతి మాత్రం ఎవరూ ముందుగా చెప్పరు. సామాన్య కుటుంబంలో వదిలి వెళ్లే ఆస్తి అంటే ఇల్లే కాబట్టి, ఆ పద్దు చివరకు ఇంటి మీదకే వస్తుంది.

మా అత్తగారి దరఖాస్తు నా చేతి మీదుగానే సాగింది. దరఖాస్తులో సంతకం పెట్టవలసిన చివరి పేజీలలో, హక్కులూ బాధ్యతలూ అన్న శీర్షిక కింద, చిన్న అక్షరాలలో ఈ విషయం ఒక పేరాగా ఉంటుంది. ఆవిడకు చదివి వినిపించి, అర్థం చెప్పి, అప్పుడే సంతకం పెట్టించాను. అప్పటి నుంచి తెలిసినవారి ఇళ్లలో ఈ ప్రస్తావన వచ్చినప్పుడల్లా నేను చెబుతూ వస్తున్న మాటలనే ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. నేను న్యాయవాదిని కాను. ఆస్తి కాగితాల మీద సంతకం పెట్టే ముందు మీ రాష్ట్రంలో వృద్ధుల చట్టాలు చూసే అటార్నీని కలవక తప్పదు. అయితే ఆయన దగ్గరకు ఏ ప్రశ్నలతో వెళ్లాలో తెలిసి వెళ్లడం మీ చేతుల్లోనే ఉంది.

ముందు మెడికేర్‌కూ మెడికేడ్‌కూ ఉన్న తేడా స్పష్టం కావాలి. రెండూ 1965లో ఒకే చట్టంతో వచ్చాయి. మెడికేర్ అరవై ఐదేళ్లు దాటినవారికి ఆసుపత్రి, డాక్టరు ఖర్చులు భరిస్తుంది. కానీ మనిషి మంచాన పడి, స్నానానికీ భోజనానికీ ఇంకొకరి సాయం ఏళ్ల తరబడి కావలసి వచ్చినప్పుడు అది అండగా నిలవదు. ఆసుపత్రి నుంచి నర్సింగ్ హోమ్‌కు వెళితే, షరతులన్నీ కుదిరినా నూరు రోజులకు మించి ఇవ్వదు, అందులోనూ మొదటి ఇరవై రోజులకే పూర్తిగా ఇస్తుంది. ఆ పైన నర్సింగ్ హోమ్ ఖర్చు దేశం మొత్తం మీద చూస్తే ఏడాదికి లక్ష డాలర్లు దాటింది. ఆ ఖర్చును సొంతంగా భరించలేనివారికి మిగిలే ఆధారం మెడికేడ్. అది పేదల కోసం పెట్టిన పథకం కనుక బ్యాంకులో ఉండదగిన మొత్తం మీద గట్టి పరిమితి ఉంటుంది. చాలా రాష్ట్రాలలో ఒంటరి వ్యక్తికి అది 2,000 డాలర్లే. నివసించే ఇంటిని మాత్రం ఆ లెక్కలో కలపరు. దీర్ఘకాల సంరక్షణ కోరేవారికి ఇంటి విలువలో అప్పు పోను మిగిలిన భాగానికి ఒక గరిష్ఠ పరిమితి ఉంటుంది. 2025లో అది రాష్ట్రాన్ని బట్టి 7,30,000 డాలర్ల నుంచి 10,97,000 డాలర్ల వరకు ఉంది. భార్య గానీ భర్త గానీ ఆ ఇంట్లోనే ఉంటే ఆ పరిమితి కూడా వర్తించదు.

చిక్కంతా ఇక్కడే పుడుతోంది. దరఖాస్తు చేసినప్పుడు ఇంటిని లెక్కలోకి తీసుకోలేదు కాబట్టి ఇల్లు భద్రంగా ఉందనుకుంటారు. బతికి ఉన్నంత కాలం అది నిజమే. ఆ తరువాతి మాట వేరు. 1993లో అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టం ప్రకారం, యాభై ఐదేళ్లు నిండినవారికి నర్సింగ్ హోమ్ కోసం, ఇంటి దగ్గర అందే దీర్ఘకాల సేవల కోసం, వాటితో ముడిపడిన ఆసుపత్రి చికిత్స, మందుల కోసం పెట్టిన ఖర్చును వారి మరణానంతరం రాబట్టుకోవడం ప్రతి రాష్ట్రానికీ విధి. అంతకుముందు అది రాష్ట్రాల ఇష్టానికి వదిలిన విషయం. తమకు ఇష్టం లేదంటూ వెస్ట్ వర్జీనియా కోర్టుకు వెళ్లి 2002లో ఓడిపోయింది. ఈ కనీస జాబితాకు మించి మిగతా వైద్య సేవలన్నిటి ఖర్చునూ అడిగే వెసులుబాటు కూడా అదే చట్టం రాష్ట్రాలకు ఇచ్చింది.

మేముండే న్యూజెర్సీ ఆ వెసులుబాటును పూర్తిగా వాడుకున్న రాష్ట్రం. మాకు ఆప్తులైన ఒక కుటుంబంలో పెద్దావిడ పోయిన కొన్ని నెలలకు వచ్చిన ఉత్తరాన్ని ఆవిడ కొడుకు నాకు చూపించాడు. ఆవిడ ఎన్నడూ నర్సింగ్ హోమ్‌లో లేరు. వారంలో కొన్ని రోజులు ఉదయం వ్యాను వచ్చి పెద్దల డే కేర్ సెంటరుకు తీసుకువెళ్లేది, అక్కడ మన భోజనం, భజనలు, బీపీ చూడడం, కాసేపు వ్యాయామం. మధ్యాహ్నానికి ఇంటికి చేర్చేవారు. ఇంట్లో రోజుకు కొన్ని గంటలు ఒక సహాయకురాలు ఉండేది. ఉత్తరంతో జతచేసిన పట్టికలో పేజీల కొద్దీ నెలవారీ మొత్తాలే ఉన్నాయి. ఆవిడ తరఫున ప్రభుత్వం, సేవలన్నీ చూసే బీమా కంపెనీ అయిన మేనేజ్‌డ్ కేర్ కంపెనీకి నెలనెలా కట్టిన ప్రీమియం అది. ఏ నెలలో ఆవిడ డాక్టరు దగ్గరకు వెళ్లారు, ఏ నెలలో వెళ్లలేదు అన్న తేడా ఆ పట్టికకు లేదు. అసలు గడప దాటని నెలకు కూడా అదే అంకె పడింది. ఒక్కొక్క నెల చూస్తే పెద్దగా అనిపించకపోయినా, ఏళ్లు కలిసేసరికి అది ఇంటి విలువలో చెప్పుకోదగ్గ భాగమై కూర్చుంది.

ఆ అబ్బాయి ఉత్తరం అందిన వెంటనే తన సొంత డబ్బు కట్టేయాలనుకున్నాడు. తల్లి బాకీ కొడుకు తీర్చాలన్నది మన ఇళ్లలో పుట్టుకతో వచ్చే భావన, అతనిని తప్పు పట్టలేము. కానీ చట్టం అలా చెప్పదు. ఈ క్లెయిమ్ చనిపోయినవారి ఆస్తి మీదే కానీ పిల్లల జీతం మీద, పిల్లల ఇంటి మీద, పిల్లల బ్యాంకు ఖాతా మీద కాదు. తల్లిదండ్రుల పేరున ఏ ఆస్తీ లేకపోతే వసూలు చేయడానికి ఏమీ ఉండదు. పైగా ఆ ఇంట్లో అతను తల్లితో కలిసి మొదటి నుంచీ ఉంటున్నాడు. న్యూజెర్సీ నిబంధనలలో ఒక మంచి వెసులుబాటు ఉంది. చనిపోయినవారి సొంత ఇంట్లో వారి జీవితకాలం నుంచీ ఎడతెగకుండా ఉంటూ, దానినే తన ముఖ్య నివాసంగా చేసుకున్న కుటుంబ సభ్యుడు ఉన్నప్పుడు, రాష్ట్రం ఆ ఇంటి మీద లీన్, అంటే బాకీ తీరేవరకు ఉండే హక్కు, నమోదు చేసుకోవచ్చు కానీ, అతను తనంతట తాను అమ్మేవరకో, ఖాళీ చేసేవరకో, మరణించేవరకో దానిని అమలు చేయదు. ఆ సంగతి ఎవరూ అతనికి చెప్పలేదు, తెలిసేసరికి అతను బ్యాంకులో అప్పు కాగితాలు సగం నింపి ఉన్నాడు.

ఇంటిని కాపాడే ఇటువంటి రక్షణలు జాతీయ చట్టంలోనే మరికొన్ని ఉన్నాయి. బతికి ఉన్న భార్య లేదా భర్త ఉంటే వారి జీవితకాలంలో వసూలు జరగదు. ఇరవై ఒక్క ఏళ్ల లోపు బిడ్డ గానీ, ఏ వయసువారైనా చూపు లేని లేదా వైకల్యం ఉన్న సంతానం గానీ ఉన్నా అంతే. ఇక ఇంటిని జీవించి ఉండగానే ఎటువంటి జరిమానా, అంటే కొంతకాలం మెడికేడ్ ఆగిపోవడం, లేకుండా బదిలీ చేయడానికి వీలున్న సందర్భాలలో మన కుటుంబాలకు అన్నిటికంటే పనికి వచ్చేది, తల్లినో తండ్రినో చూసుకున్న బిడ్డకు సంబంధించిన మినహాయింపు. నర్సింగ్ హోమ్‌లో చేరడానికి ముందు కనీసం రెండేళ్లు వరుసగా ఆ ఇంట్లోనే ఉండి, తన సంరక్షణ వల్లనే వారు ఆ రెండేళ్లూ నర్సింగ్ హోమ్‌కు వెళ్లకుండా ఇంటి పట్టున ఉండగలిగారని నిరూపించగలిగిన కొడుకుకో కూతురుకో ఇల్లు రాసి ఇవ్వవచ్చు. ఆ సేవ మనవాళ్లలో ఎందరో చేస్తున్నారు, దానికి రుజువులు దాచుకోవడం మాత్రం ఎవరికీ తోచదు. అక్కడే ఉంటున్నట్టు చూపే డ్రైవింగ్ లైసెన్సు, పన్ను రిటర్నులు, తల్లి పరిస్థితిని ఎప్పటికప్పుడు రాసిన డాక్టరు నోట్లు, ఈ సంరక్షణ లేకపోతే ఆమె అప్పటికే నర్సింగ్ హోమ్‌లో ఉండవలసి వచ్చేదని చెప్పే డాక్టరు లేఖ, ఇవన్నీ ఆ కాలంలోనే పోగుచేసుకోవాలి. ఇంకొక ముఖ్యమైన షరతు ఉంది. ఆ ఇల్లు తల్లిదండ్రులదై ఉండాలి, బిడ్డ వచ్చి వారితో ఉండాలి. కొడుకు ఇంట్లో తల్లిదండ్రులు ఉంటే ఈ మినహాయింపు ప్రసక్తే రాదు, ఎందుకంటే అక్కడ కాపాడవలసిన ఇల్లు వారి పేరున లేదు. కోడలు, అల్లుడు, మనవలు చేసిన సేవకు కూడా ఇది వర్తించదు. కోడళ్లే అత్తమామలను చూసుకునే ఇళ్లు ఎన్ని ఉన్నాయో తెలిసినదానిగా, ఆ చివరి మాట నాకు బాధ కలిగిస్తుంది.

ఇవేవీ చూసుకోకుండా చాలామంది చేసే పని, ఆరోగ్యం దిగజారుతోందనగానే ఇంటిని హడావుడిగా పిల్లల పేరుకు మార్చేయడం. 2006 ఫిబ్రవరిలో అమలులోకి వచ్చిన చట్టం తరువాత, దీర్ఘకాల సంరక్షణ కోసం దరఖాస్తు చేసిన నాటి నుంచి వెనక్కు అరవై నెలల లోపు ఇచ్చిన ప్రతి కానుకనూ పరిశీలిస్తారు. అంతకుముందు సాధారణ కానుకలకు అది ముప్ఫై ఆరు నెలలే. ఇచ్చిన ఆస్తి విలువను ఆ రాష్ట్రంలో నర్సింగ్ హోమ్ నెల సగటు ఖర్చుతో భాగిస్తే ఎన్ని నెలలు వస్తే అన్ని నెలలు మెడికేడ్ చెల్లించదు. మూడు లక్షల డాలర్ల ఇల్లు రాసిచ్చి, ఆ సగటు పదివేల డాలర్లు అనుకుంటే, అది ముప్ఫై నెలలు. అంతకంటే కఠినమైన సంగతి ఏమిటంటే, ఆ ముప్ఫై నెలల లెక్క కానుక ఇచ్చిన రోజు నుంచి మొదలు కాదు. చేతిలో డబ్బంతా అయిపోయి, నర్సింగ్ హోమ్ సంరక్షణ తప్పనిసరి అయి, మిగతా అర్హతలన్నీ కుదిరిన తరువాత మొదలవుతుంది. డబ్బు లేక, సాయమూ రాక, పిల్లల పేరుకు మారిన ఇంటినే మళ్లీ తాకట్టు పెట్టవలసిన పరిస్థితి అప్పుడు వస్తుంది.

పన్ను కోణం కూడా ఉంది. 1985లో తొంభై వేలకు కొన్న ఇల్లు ఈనాడు ఐదు లక్షలు చేస్తుందనుకుందాం. తండ్రి బతికి ఉండగా దానిని పూర్తిగా బహుమతిగా ఇస్తే, కొడుకు అమ్మినప్పుడు లాభాన్ని ఆ తొంభై వేల నుంచే లెక్కిస్తారు. అదే వారసత్వంగా వస్తే తండ్రి మరణించిన నాటి విలువే కొడుకు కొనుగోలు ధరగా పరిగణిస్తారు కాబట్టి పన్ను చాలావరకు ఉండదు. ఇక కొడుకు పేరుకు మారిన ఇంటి మీద కొడుకు అప్పులవాళ్లకూ, విడాకుల దాకా వస్తే కోర్టుకూ కన్ను పడుతుంది. ఇంట్లో పెద్దవారు ఉండగానే ఆ ఇల్లు వివాదంలో పడడం కంటే దుఃఖం వేరే లేదు.

ఏళ్ల ముందే ఆలోచించగలిగినవారికి రెండు మూడు దారులున్నాయి. ఒకటి జీవితకాల అనుభవ హక్కు ఉంచుకుని పిల్లలకు ఇంటిని రాసివ్వడం. మన వైపు సెటిల్‌మెంట్ దస్తావేజులలో 'నా జీవితాంతం నేను అనుభవించి, నా తదనంతరం నీవు సర్వహక్కులతో అనుభవించునది' అని రాయించే పద్ధతి తెలిసినవారికి ఇది కొత్త కాదు. అరవై నెలల నిబంధన దీనికీ వర్తిస్తుంది. పన్ను విషయంలో వారసత్వపు ప్రయోజనం దక్కుతుంది. ఇంకొకటి, రద్దు చేయడానికి వీలులేని ట్రస్టులో ఇంటిని పెట్టడం. ఇక్కడ ఒక అపోహ బలంగా ఉంది. లివింగ్ ట్రస్టు రాయించుకున్నాం కాబట్టి మెడికేడ్ తాకదని చాలామంది ధీమాగా ఉంటారు. అలా ఎప్పుడంటే అప్పుడు రద్దు చేసుకోగలిగే ట్రస్టు, కోర్టు ద్వారా ఆస్తి పంపకమయ్యే ప్రొబేట్‌ను తప్పిస్తుందే కానీ, వసూలుకు దొరికే ఆస్తి ఏది అన్నదానికి విస్తృతమైన నిర్వచనం ఎంచుకున్న రాష్ట్రాలలో మెడికేడ్ క్లెయిమ్‌ను తప్పించదు.

ఆ నిర్వచనం రాష్ట్రానికొక తీరుగా ఉంది కాబట్టి, టెక్సాస్‌లో ఉన్న బావగారు చెప్పిన సలహా న్యూజెర్సీలో పనికి రాకపోవచ్చు. కొన్ని రాష్ట్రాలు కోర్టు ద్వారా పంపకమయ్యే ప్రొబేట్ ఆస్తి వరకే వెళతాయి. మరికొన్ని ఉమ్మడి యాజమాన్యం, జీవితకాల అనుభవ హక్కు, ట్రస్టు వంటివాటి మీదకు కూడా వస్తాయి. న్యూజెర్సీ రెండో కోవలోది. టెక్సాస్ 2005 మార్చి నుంచి వసూలు మొదలుపెట్టింది, అక్కడ ప్రొబేట్ ఆస్తి వరకే అడుగుతారు. మరణానంతరం నేరుగా పిల్లలకు చేరేలా బతికి ఉండగానే నమోదు చేయించే దస్తావేజును 2015 నుంచి ఆ రాష్ట్రం అనుమతిస్తోంది, బతికినంతకాలం అమ్ముకునే హక్కును కూడా ఉంచుకునే లేడీ బర్డ్ డీడ్ అక్కడ అంతకుముందు నుంచీ ఉంది. ఫ్రిస్కో, ఇర్వింగ్ ప్రాంతాలలో ఉన్న మన కుటుంబాలకు అటార్నీ దగ్గర ఒక పూట పనితో తీరిపోయే విషయం ఇది. కాలిఫోర్నియా 2017 జనవరి నుంచి సంభవించిన మరణాలకు ప్రొబేట్ ఆస్తి వరకే, అది కూడా జాతీయ చట్టం తప్పనిసరి చేసిన సేవల వరకే పరిమితమైంది. భార్యో భర్తో జీవించి ఉంటే ఆ రాష్ట్రం క్లెయిమ్‌ను పూర్తిగా వదులుకుంటుంది. 2024లో మసాచుసెట్స్ కూడా కనీస జాబితాకు తగ్గించుకుంది.

మన సొంత పరిస్థితిలో పుట్టే చిక్కులు రెండు ఉన్నాయి. మొదటిది, ఊళ్లో పొలమో, విజయవాడలో ఫ్లాటో అమ్మిన డబ్బును తల్లిదండ్రులు కొడుకు ఇంటి డౌన్ పేమెంటుకు ఇచ్చి, కృతజ్ఞతగా ఆ కొడుకు వారి పేర్లను కూడా డీడ్‌లో చేర్చడం. ఆ గౌరవం వెనక ఉన్న ప్రేమను నేను కాదనను. కానీ రేపు వారు మెడికేడ్ తీసుకుంటే, ఆ డీడ్‌లో వారికి ఉన్న వాటా మేరకు క్లెయిమ్‌కు ఆధారం దొరుకుతుంది. పేరు చేర్చకముందే అటార్నీని అడగడం సులువు. చేర్చిన తరువాత తీసేయడం కూడా ఒక బదిలీయే, దానికీ అరవై నెలల లెక్క ఉంది.

రెండోది, మన దేశంలో ఉన్న ఆస్తి. వారు నివసిస్తున్నది ఇక్కడి ఇంట్లో కనుక, గుంటూరులో ఉన్న ఇల్లు నివాస గృహం కింద మినహాయింపు పొందదు. అమ్ముకోవడానికి వీలున్న ఆస్తిగా అది సాధారణంగా లెక్కలోకి వస్తుంది, దాని అద్దె ఆదాయంలోకి వస్తుంది. ఇక్కడివాళ్లకు ఎలా తెలుస్తుందిలే అని దరఖాస్తులో రాయకుండా వదిలేసే అలవాటు ఉంది. దానిని నేను గట్టిగా వద్దంటాను. ప్రమాణం చేసి సంతకం పెట్టే కాగితం అది. తప్పు బయటపడితే ఇచ్చిన సాయాన్ని వెనక్కు అడగడంతో ఆగదు, మోసం కేసు కూడా కావచ్చు, దాని నీడ పిల్లల ఇమ్మిగ్రేషన్ వ్యవహారాల మీద కూడా పడవచ్చు. ఇక్కడికి వచ్చే ముందు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మనవడి పేరున రాసిన గిఫ్టు డీడు కూడా, ఐదేళ్ల లోపుదైతే, కానుక కిందకే వస్తుంది. ఆస్తి చూపించి, విలువకు కాగితం జతచేసి, ఉమ్మడి ఆస్తో కోర్టు తగాదాలో ఉన్నదో అయితే అమ్మడానికి వీలులేదని రుజువు పెట్టడమే సరైన దారి.

చట్టం ఇచ్చిన రక్షణలను వాడుకోవడాన్ని మోసంగా చూసేవారితో నేను ఏకీభవించను. ధనికుల ఆస్తులకు పెద్ద అటార్నీలు ఎప్పుడో ట్రస్టులు కట్టి పెట్టారు. ఈ వసూళ్లు ఎక్కువగా తగిలేది ఒక్క ఇల్లు తప్ప మరేమీ లేని కుటుంబాలకు. కాంగ్రెస్‌కు సలహాలిచ్చే మెడికేడ్ కమిషన్ లెక్కలలో 2019లో దేశమంతటా ఇలా రాబట్టినది దాదాపు 73 కోట్ల డాలర్లు. దీర్ఘకాల సంరక్షణ మీద మెడికేడ్ పెట్టే ఖర్చుతో పోలిస్తే అది ఒక శాతానికి కూడా తక్కువ. ఈ వసూలును మళ్లీ రాష్ట్రాల ఇష్టానికి వదిలేయాలని ఆ కమిషన్ 2021లో సిఫారసు చేసింది. చట్టం ఇంకా మారలేదు.

ఇప్పటికే ఉత్తరం చేతికి వచ్చి ఉంటే, డబ్బు కట్టకముందు సేవలవారీగా, తేదీలవారీగా పూర్తి పట్టిక అడగండి. యాభై ఐదేళ్లు నిండక ముందువి ఏవైనా ఉన్నాయేమో చూడండి. మెడికేర్ ప్రీమియం, డిడక్టిబుల్ (ముందుగా మనం కట్టవలసిన వాటా) వంటివాటికి మెడికేడ్ చేసిన సాయాన్ని 2010 జనవరి నుంచి వసూలు చేయడానికి వీలులేదు, అవి అందులో కలిసి ఉంటే తీసేయమని రాయండి. ఆ ఇంట్లో ఎవరు ఉంటున్నారో, వారిలో వైకల్యం ఉన్నవారు ఉన్నారో లేదో తెలియజేయండి. తీవ్రమైన ఇబ్బంది కలిగే సందర్భాలలో క్లెయిమ్‌ను వదులుకునే విధానం ప్రతి రాష్ట్రానికీ ఉండి తీరాలి. ఆ ఇల్లు తక్కువ విలువైనదైనా, కుటుంబానికి ఉన్న ఒకే ఒక్క ఆదాయ మార్గమైనా ఆ అభ్యర్థనకు బలం ఉంటుంది. దానికి గడువు ఉత్తరంలోనే ఉంటుంది, అది రోజులలో ఉంటుంది. దినకర్మల హడావుడిలో, దూరాల నుంచి వచ్చిన బంధువుల మధ్య, తెరవని కవర్ల దొంతరలో ఆ ఉత్తరం కలిసిపోకుండా ఇంట్లో ఎవరో ఒకరు ఆ బాధ్యత తీసుకోవాలి, జవాబును రిజిస్టర్డ్ పోస్టులో పంపి రశీదు దాచుకోవాలి.